వదిన నాకు పాఠాలు అప్పజెప్పిన ఏడాది

మొన్నామధ్య ఒక సాయంత్రం కరెంటు పోయింది. భవానీపురంలో మా అపార్టుమెంటు పై అంతస్తులో ఉండే ఇంటర్మీడియట్ పిల్ల, ఫోనులో చార్జింగు కూడా అయిపోయిందేమో, ఏం తోచక పుస్తకం పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చి, కాస్త అప్పజెప్పించుకుంటారా మామ్మగారూ అని అడిగింది. ఆ మాట విని ఎన్నేళ్ళయిందో! ఈ తరం పిల్లల నోట అది ఇంకా బతికుందని నాకు తెలియనే తెలియదు. సంబరంగా కళ్ళజోడు పెట్టుకుని, వరండాలో మిగిలిన కాస్త వెలుతురులో ఆ చీమల్లాంటి అక్షరాల మీద వేలు పెట్టుకుని కూర్చున్నాను. పిల్ల గడగడా చెప్పుకుపోతూ ఒకచోట ఆగి, పైకప్పు వంక చూస్తూ ఆలోచనలో పడింది. అంతే, నా ప్రమేయం లేకుండానే తరవాతి మాట నా నోట్లోంచి వచ్చేసింది. ఆ పిల్ల రెండు చెవులూ మూసుకుని, "అబ్బా, చెప్పకండి మామ్మగారూ! నా అంతట నాకే రావాలి" అంది. కోపంగా కాదు, నవ్వుతూనే అంది. కాని ఆ తరవాత నేను పుస్తకం మూసి ఒళ్ళో పెట్టేసుకున్నాను. ఆ పిల్ల కాసేపు చూసి, మామ్మగారికి నీరసంగా ఉన్నట్టుందని తనే అనుకుని వెళ్ళిపోయింది.

నా ఈడువాళ్ళకి వేరే చెప్పనక్కర్లేదు, మన రోజుల్లో చదువంటే అప్పజెప్పడమే. పుస్తకం ఒకరి చేతికిచ్చి, మనం చేతులు కట్టుకునో, ఏదో పని చేసుకుంటూనో, వాళ్ళు ప్రశ్న అడిగితే జవాబు పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు, పొల్లు పోకుండా చెప్పాలి. పుస్తకం పట్టుకున్నది ఏడేళ్ళ పిల్లయినా సరే, ఆ కాసేపూ ఆ పిల్లే మాస్టారు. మా ఇంట్లో ఈ అలవాటుకి ఇంకొక పాయ కూడా ఉండేది. మేం క్రైస్తవులం. ఆదివారం సండేస్కూల్లో కంఠత వాక్యం చెప్పలేక ఏ పిల్లో బిక్కమొహం వేసుకుని నిలబడితే, అక్కడి టీచరమ్మ మెల్లిగా మొదటి మాట అందించేవారు. ఆ ఒక్కటీ అందితే చాలు, మిగతాదంతా దొర్లుకుంటూ వచ్చేసేది, పిల్లకి రంగుల బొమ్మ ఉన్న కార్డు కూడా వచ్చేది. అది తప్పని ఎవరూ అనుకోలేదు, అదొక దయ అనుకున్నాం. క్రిస్మసు నాటకాల్లో తెర వెనక నిలబడి అందరికీ మాటలందించే పని ఏటా నాకే ఇచ్చేవారు, అందులో నాకు మహా పేరు. ఆ పేరే తరవాత కొంప ముంచింది. నా కొంప కాదు, మా వదిన కొంప.

అప్పట్లో మేం గవర్నర్‌పేటలో, పెద్ద రోడ్డుకి రెండు సందులు లోపల, ఒక డాబా ఇంట్లో వెనక వాటాలో అద్దెకుండేవాళ్ళం. నాన్న ఒక టోకు బట్టల కొట్టులో పనిచేసేవాడు. నాకంటే పదేళ్ళు పెద్దయిన అన్నయ్య, దగ్గర్లోనే ఉన్న ఒక ఆడపిల్లల హైస్కూలు ఆఫీసులో గుమాస్తా. వదినది దివిసీమ వైపు ఒక పల్లె, వాళ్ళ నాన్నకి నది పక్కన కాస్త పొలం ఉండేది. తొమ్మిది దాకా చదివించి మాన్పించి, పంతొమ్మిదో ఏట మా అన్నయ్యకిచ్చి చేశారు. కాపరానికొచ్చిన నెల రోజుల్లోనే నన్ను తన వెంట తిప్పుకోవడం మొదలుపెట్టింది, జడలు వేసేది, వేళాకోళాలాడేది, నేనేడిస్తే తను నవ్వేది. పెళ్ళయి ఏడాదిన్నర తిరక్కుండానే అన్నయ్యకి కళ్ళు పచ్చబడ్డాయి.

వదిన వాళ్ళ నాన్న వచ్చి, మా ఊళ్ళో కామెర్లకి పసరు మందు పోసేవాళ్ళున్నారు, ఎంతోమందికి తగ్గింది, వారం రోజులు పంపించండి అన్నాడు. అందరం సరేనన్నాం, అమ్మతో సహా. వారం కాస్తా ఎనిమిది రోజులై, తొమ్మిదో రోజు మనిషిని మోసుకొచ్చి బెజవాడలో పెద్దాసుపత్రిలో చేర్పించారు. ఆ పైన నాలుగు రోజులే బతికాడు. ఆ తరవాత అమ్మ వదినను ఒక్క మాటా అనలేదు. తిట్టలేదు, శాపనార్థాలు పెట్టలేదు, అసలు మాట్లాడటమే మానేసింది. అన్నం వడ్డించి, నా వంక తిరిగి, తినమను అనేది. బట్టలు ఆరేసిందేమో అడుగు అనేది. వదిన రెండు గజాల దూరంలోనే ఉండేది. నాన్న సరేసరి, ఆ రోజుల్లో మావగారు కోడలితో నేరుగా మాట్లాడే అలవాటే లేదు. అలా నేను ఆ ఇంట్లో రెండు వైపులా మాటలు మోసేదాన్నయ్యాను. అప్పటికి నాకు పద్నాలుగేళ్ళు.

అన్నయ్య పనిచేసిన స్కూలు కరస్పాండెంటుగారు పెద్దమనిషి. ఒక ఆదివారం చర్చి అయ్యాక ఇంటికొచ్చి, చెప్పులు గుమ్మం బయట విడిచి, నాన్న ఎదురుగా కూర్చుని, "అమ్మాయి తొమ్మిది దాకా చదివింది కదండీ, ప్రైవేటుగా పదో తరగతి కట్టించండి. వచ్చే జూన్ దాకా అబ్బాయి కుర్చీలో పర్మనెంటుగా ఎవర్నీ వెయ్యను. పాసైతే ఆ ఉద్యోగం ఆవిడదే" అన్నారు. వదిన వాళ్ళ నాన్న కూడా మరో మాట అనేసి వెళ్ళాడు. పాసైతే సరే, లేకపోతే వచ్చి తీసుకుపోతాను, మా పక్క ఊళ్ళో పెళ్ళాం పోయినాయన ఉన్నాడు, ఇద్దరు చిన్నపిల్లలు, వాళ్ళు అడుగుతున్నారు అని. ఆ సాయంత్రం పంపు దగ్గర గిన్నెలు తోముతూ వదిన, "నాకు ఆ పెళ్ళీ వద్దు, మా ఊరూ వద్దే. ఆయన కూర్చున్న కుర్చీలో కూర్చుని రోజూ ఆయన రాసిన రిజిస్టర్లు చూసుకుంటే చాలు నాకు" అంది. ఏడవలేదు, గిన్నెలు మాత్రం మామూలుకంటే గట్టిగా తోమింది.

రోజూ నాలుగింటికి నేను బడి నుంచి రాగానే మా చదువు మొదలయ్యేది. లెక్కల్లో వదిన నాకంటే చురుకు, తెలుగు భయం లేదు, ఇంగ్లీషు ఏదో గట్టెక్కిస్తానంది. బెంగల్లా సాంఘికశాస్త్రమే. వదిన చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతూ కూర్చునేది, నేను గుమ్మం మెట్టు మీద పుస్తకం తెరుచుకుని కూర్చునేదాన్ని. డెల్టా నేలలు సారవంతముగా నుండుటకు కారణమేమి అని నేను అడిగేదాన్ని. వదిన చెయ్యి బియ్యంలో ఆగిపోయేది. "నదులు" అని నేను అందించేదాన్ని. అంతే, నదులు తమతో కొట్టుకొని వచ్చిన ఒండ్రుమట్టిని అంటూ అందుకుని, ఆ దీర్ఘాలూ ఆ విరుపులూ ఒక్కటి తప్పకుండా చివరి దాకా అప్పజెప్పేది. ఎంత చక్కని గొంతనుకున్నారు! ఒక్కో జవాబూ అయిపోయాక తల ఎత్తి, "వచ్చేసినట్టేనంటావా?" అని అడిగేది. నేను పెన్సిలు తీసి ఆ ప్రశ్న పక్కన మార్జిన్లో వచ్చు అని రాసేదాన్ని. సంక్రాంతి సెలవులు వచ్చేసరికి ఆ పుస్తకంలో వచ్చు అని లేని పేజీ లేదు.

ఆ మొదటి మాట ఎందుకందించానని ఇన్నేళ్ళుగా నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. మోసం చేద్దామని కాదు. పుస్తకం నా కళ్ళ ముందుంది కాబట్టి ఆ జవాబు నాకెప్పుడూ తెలిసినట్టే ఉండేది, నాకు తెలిసినది తనకూ తెలిసే ఉంటుందనిపించేది, వట్టి మొదలు తగలక ఆగిందంతే అనుకునేదాన్ని. అదొక్కటే కాదు. అన్నయ్య పోయిన దగ్గర్నుంచీ వదిన మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోతే నాకు భయం వేసేది. ఆ మొహం అలా ఖాళీగా అయిపోతుంటే, లోపల ఎక్కడికో వెళ్ళిపోతోందనీ మళ్ళీ రాదనీ అనిపించి, గబుక్కున ఏదో ఒక మాట అందించి వెనక్కి లాగేదాన్ని. ఆ ఆగిన చోటే మనిషి వెతుక్కుంటుందనీ, అలా వెతుక్కుని తెచ్చుకున్నదే నిలబడుతుందనీ పద్నాలుగేళ్ళ నాకు ఎవరు చెబుతారు?

అలా అనకూడదు, ఒకరు చెప్పారు. ముందు వాటాలో ఒక టీచరుగారు ఉండేవారు, భర్త ఉద్యోగరీత్యా ఒరిస్సాలో ఉంటే ఈవిడ ఒక్కతే ఇక్కడ కాపరం. ఫిబ్రవరిలో ఒక సాయంత్రం మా అప్పజెప్పుడు విని, కాఫీ గ్లాసుతోనే మా వైపుకి వచ్చి నిలబడ్డారు. కాసేపు విని, "ఏదీ, పుస్తకం ఇటివ్వు" అని నా చేతిలోంచి తీసుకుని, వరసలో కాకుండా మధ్యలోంచి ఒక ప్రశ్న అడిగారు. వదిన నోరు తెరిచింది, మాట రాలేదు. నేను పక్కనుంచి అందించబోతే ఆవిడ నా వంక చూసి, "నువ్వు ఊరుకోవే. పరీక్ష నీకా, ఆవిడకా?" అన్నారు. ఇంకో ప్రశ్న, ఇంకోటి, అన్నీ అంతే. వదిన మెడ దాకా ఎర్రబడింది. ఆవిడ పుస్తకం మూసి, మెత్తగానే చెప్పారు. "చూడమ్మా, నీకు వచ్చినట్టు అనిపిస్తోంది గానీ రాలేదు. ఇంకా నెల రోజులుంది. ఈ పిల్ల నోరు కట్టేసి చదువు. తడుముకో, పరవాలేదు. పుస్తకంలో మాటలు రాకపోతే నీ మాటల్లో చెప్పు."

నాకు ఎంత కోపం వచ్చిందంటే, ఆ పూట అన్నం కూడా సరిగా తినలేదు. ఆవిడ బడి దర్పమంతా మా వదిన మీద చూపించిందనీ, కొత్త మనిషి గద్దించి అడిగితే వచ్చింది కూడా ఎవరైనా మర్చిపోతారనీ వదినకి నేనే నచ్చజెప్పాను. మరునాడు నేను పుస్తకం పట్టుకుని, చెప్పను, ఇవాళ అందించను అని ఒట్టు పెట్టుకునే కూర్చున్నాను. మొదటి ప్రశ్నకే వదిన ఆగింది. గోడ వంక చూస్తూ ఉండిపోయింది. బియ్యంలో చెయ్యి కదలడం లేదు. వంటింట్లో అమ్మ గరిట చప్పుడు కూడా ఆగింది, వింటున్నట్టుంది. నేను ఎంతసేపు ఓర్చుకున్నానో తెలియదు, పది లెక్కపెట్టేంత సేపు కూడా కాదేమో, "నదులు" అనేశాను. వదిన మొహం తేటపడింది, జవాబు వచ్చేసింది. ఆ తరవాతి రోజు నుంచీ మేం డాబా మీదికి మారాం. గాలి బావుంటుందని ఇంట్లో చెప్పాను. టీచరుగారికి వినపడకుండా ఉండడానికని నాకు తెలుసు. బుద్ధి గడ్డి తిన్నదని ఊరికే అనుకుని సరిపెట్టుకోగలిగితే బావుండేది, కాని నేను తెలిసే చేశాను.

పరీక్షలకి నాన్న రోజూ రిక్షా మాట్లాడాడు. సాంఘికం పరీక్ష రోజు మాత్రం వదిన రిక్షా కోసం చూడకుండా, ఎండలో నడిచి వచ్చేసింది. ఎలా రాశావు వదినా అంటే, బానే రాశాను అని కుండలో నీళ్ళు ముంచుకుని తాగింది. ఫలితాలు పేపర్లో పడ్డ రోజు నేనే వెళ్ళి పేపరు తెచ్చి, అరుగు మీద పరిచి, చూపుడు వేలితో నంబర్లు చూసుకుంటూ పోయాను. వదిన నంబరుకి ముందుదీ ఉంది, తరవాతదీ ఉంది. తరవాత మార్కుల కాగితం వస్తే తెలిసింది, అన్నీ పాసై ఒక్క సాంఘికంలో పోయింది. మళ్ళీ కడతానని వదిన అంది గాని, నా ద్వారానే అంది. అమ్మ జవాబు చెప్పలేదు, నాన్న అమ్మ వంక చూసి ఊరుకున్నాడు. వదిన వాళ్ళ నాన్న వచ్చి ట్రంకుపెట్టె మోసుకుని ముందు నడిచాడు. బస్టాండు దాకా నేను వెళ్ళాను. దార్లో వదిన నా చేతిలో ఆ సాంఘికం పుస్తకం పెట్టి, నీకు వచ్చే ఏడు పనికొస్తుంది అంది.

పనికొచ్చింది. ఆ మరుసటేడు నేను పదో తరగతి ఆ పుస్తకంతోనే చదివాను, పేజీ పేజీకీ నా చేతిరాతతో వచ్చు అని ఉన్న పుస్తకంతో. నిజానికి చదవనక్కర్లేకపోయింది. పరీక్ష హాల్లో ప్రశ్న చూడగానే జవాబంతా వదిన గొంతుతో, ఆ విరుపులతో సహా నా చెవిలో వినపడేది, మొదటి మాట మాత్రం నా గొంతులో. ఆవిడ చెప్పుకుపోతుంటే నేను రాసుకుంటూ పోయాను. సాంఘికంలో మా క్లాసులో నాకే ఎక్కువ వచ్చాయి. మా బంధువులు మిఠాయి అడిగితే అమ్మ చేసి పంచింది. కరస్పాండెంటుగారు ఆ కుర్చీలో అప్పటిదాకా టెంపరరీగా ఎవరితోనో నెట్టుకొస్తూ, అమ్మాయికి టైపు నేర్పించండి అని నాన్నకి చెప్పారు. పద్దెనిమిది నిండాక నేను అన్నయ్య కుర్చీలో కూర్చున్నాను. రిటైరయ్యేదాకా అందులోనే ఉన్నాను. అన్నయ్య చేతిరాత ఉన్న పాత అడ్మిషన్ రిజిస్టరు ఎప్పుడు తెరవాల్సి వచ్చినా, ఇది చూడాల్సింది నేను కాదని అనిపించేది.

నేను చేరిన నాలుగైదేళ్ళకి కాబోలు, జూన్ నెలలో అడ్మిషన్ల రద్దీలో తల ఎత్తితే, కిటికీకి అవతల వదిన నిలబడి ఉంది. కాస్త ఒళ్ళు చేసింది, కణతల దగ్గర ఎండకి కమిలింది, పక్కన పదకొండేళ్ళ పిల్ల. ఆ రెండో ఆయన పెద్దకూతురట, ఆరో క్లాసులో చేర్చి హాస్టల్లో ఉంచాలని తనే పట్టుబట్టి తీసుకొచ్చింది. "ఏమ్మా, బావున్నావా? పెద్దదానివైపోయావే" అంది. నేను లోపలికి పిలిచి, కుర్చీలోంచి లేచి, కూర్చోమన్నాను. వదిన ఆ కుర్చీని ఒకసారి చేత్తో తడిమి, పక్కనున్న బల్ల మీద కూర్చుంది. దరఖాస్తు నేను నింపుతుంటే తనే చెప్పుకొచ్చింది, ఏదో వాళ్ళ ఊరి సంగతి చెప్పినట్టు. "ఆ రోజు డెల్టా నేలల ప్రశ్నే వచ్చిందే. ఆ మట్టిలోనే గదా నేను పుట్టి పెరిగింది. వరదొచ్చి ఏరు తీశాక పొలంలో అడుగేస్తే మడమ దాకా దిగేది ఒండ్రు, ఆ ఏడు ఎరువు లేకుండానే పండేది. అదంతా నాకు తెలుసు. పుస్తకంలో మాట మాత్రం మొదలు దొరకలా. మనకి తెలిసింది రాసినా మార్కులేస్తారని నాకేం తెలుసు! కాగితం అట్టాగే ఇచ్చేసొచ్చా."

నా చేతిలో కలం ఆగిపోయింది. నేను అందించకుండా ఉండాల్సింది వదినా, టీచరుగారు చెప్పినా వినలేదు, డాబా మీదికి తీసుకుపోయింది కూడా అందుకే అని, ఏడేళ్ళుగా గొంతులో పెట్టుకున్నదంతా ఒక్కసారిగా కక్కేశాను. బయట తల్లిదండ్రులు వరసలో నిలబడి ఉన్నారన్న స్పృహ కూడా లేదు. వదిన ఆ పిల్లను నీళ్ళ కుళాయి దగ్గరికి పంపించి, నా వంక చూసింది. "నువ్వు అందిస్తున్నావని నాకు తెలీదటే? వద్దని ఒక్కరోజన్నా అన్నానా? ఆ ఇంట్లో నాతో ఒక మాటనేది నువ్వొక్కదానివే. అది కూడా వద్దంటే ఎట్టా బతకను?" అంది. తరవాత పిల్ల రావడం, ఫారం మీద తండ్రి సంతకం ఉందో లేదో చూసుకోవడం, వదిన బస్సుకి వేళయిందని లేవడం, అన్నీ మామూలుగానే జరిగిపోయాయి.

ఆ సంగతి ఇంటికొచ్చి అమ్మకి చెప్పలేదు. ఎలా చెబుతాను? వదిన మళ్ళీ ఒకటి రెండుసార్లు వచ్చింది, ఆ తరవాత ఆ పిల్ల చదువైపోయాక రాకపోకలు తగ్గిపోయాయి, పోయిందన్న కబురు కూడా నాకు చాలా ఆలస్యంగా, ఎవరి పెళ్ళిలోనో తెలిసింది. ఇప్పటి పిల్లలు జవాబు అరచేత్తో మూసిపెట్టుకుని తమకు తామే ప్రశ్నలు వేసుకుంటున్నారు, ఫోనే అడుగుతుందట, ఫోనే తప్పు పట్టుకుంటుందట. ఎంతో మేలు. మనం చేసింది తప్పు పద్ధతే, ఒప్పుకుంటాను. ఆ రోజుల్లో ఇలాంటిదేదో వదిన చేతిలో ఉండుంటే పాసయ్యేది, ఆ కుర్చీలో తనే కూర్చునేది. అయినా ఫోనుకి చదువు అప్పజెబుతున్న పిల్లను చూస్తే, ఆ గదిలో ఇంకో మనిషి ఉంటే బావుండుననిపిస్తుంది. ఇది నా చాదస్తం.

కాని ఈ మధ్య నన్ను పీడిస్తున్నది చదువు సంగతి కాదు. వదిన ఆ రోజు ఆఫీసులో అన్న మాటలు ఇన్నేళ్ళలో నాలో నేను ఎన్ని వేలసార్లు అనుకుని ఉంటానో, ఇప్పుడు ఎక్కడా తడబడకుండా, ఒక్క అక్షరం పొల్లు పోకుండా వచ్చేస్తున్నాయి. అలా తడబడకుండా వచ్చేదాన్ని నమ్మకూడదని నాకంటే బాగా ఎవరికి తెలుసు? ఆవిడ నిజంగా అలా అందా, లేక నేను కక్కిందంతా విని, సరేలేమ్మా అని దరఖాస్తు తీసుకుని వెళ్ళిపోతే, నాకు కావలసిన జవాబు నేనే కూర్చుకున్నానా? మన రోజుల్లో ఇంట్లో ఎవరేం చెప్పినా, అట్టా కాదే, నువ్వు మర్చిపోయావు, ఆ రోజు జరిగింది ఇదీ అని దిద్దేవాళ్ళు నలుగురుండేవాళ్ళు. వదిన లేదు, అమ్మానాన్నా లేరు, టీచరుగారూ లేరు. నీళ్ళు తాగడానికి వెళ్ళిన ఆ పిల్ల ఎక్కడుందో తెలియదు, ఉన్నా తను వినలేదు. ఇప్పుడు నేనేం చెబితే అదే జరిగినట్టు.